గుండ్రటి వెలుగును కత్తిరించిన దీనమ్మ గారు

మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం మా ఖరగ్‌పూర్ మలంచా బజారులో ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చున్నాను. బయట ఆటోల చక్రాల కింద నీళ్లు చీలుతున్న చప్పుడు, లోపల టంకం పొగ వాసన. నా ఫోనులో కెమెరా పనిచేయడం మానేసింది. దుకాణం ఆయన దాని వీపు విప్పి, పట్టకారుతో ఒక చిన్న ముక్కను పైకి తీసి, లెన్సు ఊడదీసి, భూతద్దం కింద పెట్టి నన్ను చూడమన్నాడు. చింతగింజలో సగం కూడా లేని పలక. దీపం కింద అటు కదిపితే ఊదా, ఇటు కదిపితే ఆకుపచ్చ, మధ్యలో ఎక్కడో పేరు తెలియని ఒక రంగు. ఫోను తీసే బొమ్మలన్నీ ముందు దీనిమీదే పడతాయని చెప్పాడాయన. నేను రంగును వదిలేసి అంచులు చూస్తున్నాను. పొడవు కొంచెం ఎక్కువ, వెడల్పు కొంచెం తక్కువ, నాలుగు మూలలూ సూటిగా. దాని మీద నుంచి ఊడదీసిన లెన్సు మాత్రం గుండ్రం. చెవి పక్కన ఎవరో నెమ్మదిగా అన్నట్టయింది: "వెలుగుకి మూలలుండవమ్మా. మూలలన్నీ మనుసులు ఎట్టినవే." ఆ గొంతు విని పాతికేళ్లు దాటింది. ఫోను బాగుచేసి చేతిలో పెట్టాక కూడా నాకు చాలాసేపు లేవాలనిపించలేదు.

ఆ మాట అన్నది దీనమ్మ గారు. న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల నడుమ రేకుల కప్పు వేసిన రెండు గదుల స్టూడియో ఆమెది. వాళ్ల తాత గోదావరి అవతలి నుంచి రైల్వే పనికి ఖరగ్‌పూర్ వచ్చాడట. తండ్రి రైల్వేలో చేరకుండా ఒక చెక్క కెమెరా కొనుక్కుని స్టూడియో పెట్టాడు. ఆయన పోయాక, పెళ్లి చేసుకోని ఆ కూతురే దాన్ని నడిపింది. నేను చూసేటప్పటికి ఆమెకు యాభై దగ్గర పడుతోంది. తెల్లటి నేత చీర, బిగించి చుట్టిన చిన్న కొప్పు, ఫొటోలు కడిగే మందునీళ్లలో నాని గోధుమరంగుకు తిరిగిన వేళ్ల కొసలు. బెంగాలీలు దీదీ అనేవారు, మనవాళ్లు ఫొటో దీనమ్మ గారు అనేవారు. ఆదివారం ఉదయం చర్చిలోనూ, మిగతా రోజులు స్టూడియో చీకటి గదిలోనూ ఉండేది. ఎవర్నీ నవ్వమని అడిగేది కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి తన గురించి తాను మర్చిపోయేదాకా కెమెరా వెనక ఊరికే నిలబడేది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఎనభైల మొదట్లో నేను రైల్వే కాలనీ బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఏదో దరఖాస్తుకు ఫొటో కావాల్సి వచ్చి దీనమ్మ గారి స్టూడియోకు వెళ్లాను. ఫొటోలు ఆరేదాకా కూర్చోమంది. బల్ల మీద అద్దం కింద రెండు నెగెటివ్‌లు కనిపించాయి. ఒకటి సరిగ్గా చదరంగా ఉంది, ఇంకొకటి సాగదీసినట్టు పొడుగ్గా ఉంది. లెక్కల మనిషిని కదా, ఊరుకోలేక అడిగాను: రెండూ ఫొటోలే అయినప్పుడు కొలతలు ఎందుకు వేరు, ఏది సరైనది? ఆమె చేస్తున్న పని ఆపి నావైపు చూసింది. ఆ స్టూడియోకు వచ్చిన వాళ్లు ఫొటో ఎప్పుడిస్తారనే అడుగుతారు గాని ఇలాంటిది అడగరని తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం ఇంతే అంది: "సెనివారం మజ్జానం రా టీచరమ్మా. సూరీడు ఇటేపు ఉంటాడు. ఇది సెప్తే తెలీదు, సూడాల."

ఆ శనివారం మధ్యాహ్నం ఇప్పటికీ నాకు కలలాగే ఉంటుంది. ఆమె వీధివైపు గది తలుపులన్నీ మూసేసింది. కిటికీ చెక్కలో గుండ్రటి రంధ్రం ఉంది. దానికి తండ్రి వాడిన పాత లెన్సు ఒకటి బిగించి, కొంచెం దూరంలో తెల్ల అట్ట పట్టుకుని నిలబడింది. చీకటికి కళ్లు అలవాటు పడే కొద్దీ అట్ట మీద అన్నం పళ్లెమంత వెలుగు తేరుకుంది. ఆ పళ్లెంలో మా వీధి తలకిందులుగా ఉంది. కుళాయి దగ్గర బిందెలు పైనుంచి వేలాడుతున్నాయి. పసుపు చీర కట్టుకున్న ఒకామె ఆకాశం మీద అడుగులు వేసుకుంటూ పోయింది. చప్పుడు అసలు వీధి నుంచే వస్తోంది, రంగులు మాత్రం అసలు వాటికన్నా మెత్తగా ఉన్నాయి. ఇంతలో వర్క్‌షాపు సైరన్ మోగింది. కాసేపటికి పని దిగిన వాళ్ల సైకిళ్లు వరసలు వరసలుగా ఆ వెలుగులోకి వచ్చాయి, వందల సైకిళ్లు, తలకిందులుగా, పక్షులు గుంపుగా వాలుతున్నట్టు. వాటిలో మా నాన్న సైకిల్ కూడా ఉండే ఉంటుంది.

లెన్సు ఎప్పుడూ ఇలా గుండ్రంగానే చూస్తుందనీ, అంచుల దగ్గర మసకబారిపోతుందనీ ఆమె వేలు పెట్టి చూపించింది. తర్వాత అట్టతో కోసిన చట్రాలు ఒక్కొక్కటే ఆ వెలుగు మీద పెట్టింది. చదరం, పొడుగుది, ఇంకా పొడుగుది. ప్రతి చట్రం కింద వీధిలో కొంత మిగులుతోంది, కొంత పోతోంది. నేను గోడ మీద సుద్దతో గీసి, వృత్తంలో పట్టే నాలుగు మూలల ఆకారాల్లో అన్నిటికన్నా ఎక్కువ జాగా పట్టేది చదరమేనని గర్వంగా నిరూపించాను. ఆమె ఓపిగ్గా వింది. మరి అందరూ చదరమే ఎందుకు వాడడం లేదో కూడా లెక్కలో ఉందా అని అడిగింది. లేదు. వెలుగుకు మూలలుండవన్న మాట అప్పుడే అన్నది.

తర్వాత చాలా శనివారాల్లో ఆ మూలలు ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్ల నాన్న రోజుల్లో బొమ్మ గాజు పలక మీద పడేది. పెద్ద గాజును సగానికి కోస్తే ఒక కొలత, దాన్ని మళ్లీ సగానికి కోస్తే ఇంకో కొలత. ప్రింటు వేసే కాగితాలు కూడా ఆ గాజుల పోలికనే పుట్టాయి. తర్వాత సినిమా రీలు వచ్చింది. దాన్ని లాగడానికి రెండు పక్కలా రంధ్రాలు కావాలి, ఆ రంధ్రాల మధ్య మిగిలినంతే బొమ్మకు జాగా. సినిమాలో బొమ్మలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఎవరో ఒకాయన ఆ రీలునే చిన్న కెమెరాలో అడ్డంగా పడుకోబెట్టి, రెండు సినిమా బొమ్మలు పట్టే చోట ఒక్క ఫొటో తీశాడు. రైల్వే క్వార్టర్లో రెండు గదుల మధ్య గోడ తీసేసినట్టు అని నవ్వింది. నేను గోడ మీదే పెన్సిలుతో లెక్క వేశాను. సినిమా బొమ్మ ఇరవై నాలుగుకు పద్దెనిమిది మిల్లీమీటర్లు. రెండు పక్కపక్కన పెడితే ముప్పై ఆరుకు ఇరవై నాలుగు. బల్ల మీద చూసిన ఆ పొడుగు నెగెటివ్ కొలత సరిగ్గా అదే. బడిలో ఎన్నో లెక్కలు చెప్పాను గాని, ఒక జవాబు చూసి ఒళ్లు పులకరించడం అదే మొదటిసారి.

అలా ప్రింట్లు వేయడం నేర్చుకున్నాను. ఎర్రదీపం వెలుతురులో, మందునీళ్ల తొట్టిలో తెల్ల కాగితం మీద ముందు కనుబొమ్మలు, తర్వాత కళ్లు తేలుతుంటే ఎవరో నిద్ర లేస్తున్నట్టు ఉండేది. ఏడాది తిరిగేసరికి దీనమ్మ గారు నన్ను ఒంటరిగా పని చేసుకోనిచ్చింది. నేను చేసిన తప్పు ఆ రోజుల్లోదే.

వర్క్‌షాపులో ఒక పెద్ద అధికారి రిటైరవుతుంటే ఆయన కింది విభాగం, అంటే ఆ షాపు వాళ్లంతా కలిసి ఫొటో దిగారు. దీనమ్మ గారి పెద్ద కెమెరా ఆ పూట మొరాయించడంతో చిన్న కెమెరాతోనే తీసుకొచ్చింది. ముప్పైకి పైగా కాపీలు కావాలి. ఆమెకు జ్వరం తగలడంతో ప్రింట్లు నేనే వేశాను. ఆ నెగెటివ్ పొడుగ్గా ఉంటుంది, మా కాగితం పొట్టిగా ఉంటుంది. కాగితం నిండాలంటే బొమ్మలో ఏదో ఒక పక్క పోవాలి. కుడివైపు చివర ఒక ఇంజను చక్రం ఉంది. ఎండ పడి దాని అంచు నెలవంకలా మెరుస్తోంది. నాకది వదలబుద్ధి కాలేదు. ఎడమవైపు చివర నెగెటివ్‌లో నిలువుగా ఒక మసక ఆకారం ఉంది, స్తంభం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, స్తంభమో కాదో దగ్గరగా చూడలేదు. చక్రం ఉంచి దాన్ని తీసేశాను.

వారం తర్వాత ఒక పెద్దాయన న్యూస్ పేపర్లో చుట్టిన ఫొటో పట్టుకుని వచ్చాడు. పేరు అప్పన్న, ఆ షాపులో ఖలాసీ. బరువులు మోసే పని. ఫొటోను బల్ల మీద పరిచి, కోపం లేకుండా అడిగాడు. "నాను సివర్న నిలబడ్డాను తల్లీ. మా ఇంటిది ఏలెట్టి అందర్నీ ఎతికినాది. నా మొకం నేదు." దీనమ్మ గారు ఫొటో చూసింది, నెగెటివ్ తీసి కిటికీకి ఎదురుగా పట్టి చూసింది. నేను పక్కనే ప్రింట్లు కడుగుతున్నాను. "కోసినది నేనే బాబూ. తప్పు నాదే. ఆదివారానికి కొత్తది ఇస్తాను" అంది. నేను తల ఎత్తలేదు. నీళ్లలో చేతులు అలాగే ఉంచి నిలబడ్డాను. ఆయన వెళ్లిపోయాక కూడా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అన్ని కాపీలూ మళ్లీ వేయాలని మాత్రం చెప్పింది. ఈసారి బొమ్మ మొత్తం పట్టేలా చిన్నది చేశాం. కాగితానికి పైనా కిందా తెల్లగా ఖాళీ పట్టీలు మిగిలాయి. తొట్టిలో ఆయన ముఖం తేలుతుంటే చూశాను. మెడ కొంచెం ముందుకు చాచి, తన ముందు వాళ్లకు అడ్డం కాకుండా ఒదిగి నిలబడి ఉన్నాడు.

ఆదివారం ఆమె చర్చికి వెళ్లిన వేళ, కొత్త ఫొటో తీసుకుని అప్పన్న గారి క్వార్టరుకు నేనే వెళ్లాను. ఆయన గుమ్మంలో కూర్చుని సైకిల్ గొలుసుకు నూనె పెడుతున్నాడు. భార్య లోపల బియ్యం ఏరుతోంది. ఫొటో చేతికిచ్చి, కోసింది దీనమ్మ గారు కాదని, నేనని చెప్పాను. ఎందుకు కోశావని ఆయన అడిగాడు. చక్రం మెరుస్తోంది, అది పోతుందని, అన్నాను. ఆ మాట నా చెవులకే ఎంత హీనంగా వినిపించిందో చెప్పలేను. ఆయన ఫొటోను మోకాళ్ల మీద పెట్టుకుని ఆ చక్రాన్నే చాలాసేపు చూశాడు.

"ఇది ఆ పొద్దు నానే తుడిసినాను" అన్నాడు. "పెద్ద సాబులొస్తారని కిరసనాయిలెట్టి తోమినాను. కుర్సీలు కూడా నానే ఏసినాను. ఆకరి కుర్సీ ఏసి వచ్చీసరికి ఆ సివర్నే జాగా ఉన్నాది."

మందలింపు లేదు, ఓదార్పూ లేదు. జరిగింది చెప్పాడు, అంతే. ఆయన కూడా ఆర్నెల్లలో రిటైరవుతాడని, ఖలాసీల కోసం ఎవరూ ఫొటోగ్రాఫరును పిలవరని ఆయన భార్య మాటల మధ్య చెప్పింది. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఫొటోలో భర్తను వేలితో తాకింది. పైనా కిందా ఉన్న తెల్ల పట్టీలు చీర అంచులా బాగున్నాయంది. నాకు టీ ఇచ్చింది.

సాయంత్రం దీనమ్మ గారికి చెప్పాను. తెల్ల పట్టీల గురించి ఏమైనా అన్నారా అని అడిగింది. చీర అంచు మాట చెబితే కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ మర్నాటి నుంచి నన్ను టీచరమ్మా అనడం మానేసి సుగుణా అనడం మొదలుపెట్టింది. అప్పన్న గారు రిటైరైన రోజు కెమెరా తీసుకుని ఆమే వాళ్ల క్వార్టరుకు వెళ్లింది. భార్యాభర్తల్ని పక్కపక్కన నిలబెట్టి, చదరం ఫొటో తీసింది.

హిజ్లీలోని ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో ఒక ప్రయోగశాలలో ఫొటో పని తెలిసినవాళ్లు కావాలని మొదట విన్నది కూడా ఆమే. అక్కడి ప్రొఫెసర్ బిమల్ బాబు తన పరిశోధన ఫొటోలు ప్రింటు వేయించుకోవడానికి స్టూడియోకు వచ్చేవాడు. మా నాన్న బడి ఉద్యోగం వదలొద్దన్నాడు. నాకూ భయంగానే ఉంది. దీనమ్మ గారు మా ఇంటికి వచ్చి, నాన్నతో ఏదో మాట్లాడి, వెళ్తూ వెళ్తూ నా సర్టిఫికెట్లు అడిగి తీసుకుని, దరఖాస్తు తనే ఇచ్చి వచ్చింది. ఆ ఉద్యోగంలోనే నేను రిటైరయ్యాను.

తొంభైల మొదట్లో మా ప్రయోగశాలకు ఫిల్ము లేని కెమెరా వచ్చింది. ఫిల్ము ఉండాల్సిన చోట గోరంత సిలికాన్ పలక. బిమల్ బాబును అడిగి దీనమ్మ గారిని పిలిపించాను. రిక్షా దిగి, చెట్ల నీడల కింద నెమ్మదిగా, దారి అంచుల్ని పాదంతో తడుముకున్నట్టు నడుస్తూ వచ్చింది. ఆ నడక ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు. పలకను చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, ఇది ఈ ఆకారంలో ఎందుకుందని. బిమల్ బాబు సంతోషంగా కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. బెంగాలీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈ పలకలు తయారయ్యే సిలికాన్ కూడా మొదట అప్పడంలా గుండ్రంగానే ఉంటుందట. దాన్ని నిలువుగా అడ్డంగా సూటి గీతల్లో కోస్తారు, గుండ్రంగా కోస్తే మధ్యమధ్య వృథా అవుతుంది. పైగా పలక తనమీద పడ్డ వెలుగును వరస తర్వాత వరసగా చదువుతుంది, అందుకని వరసలన్నీ ఒకే పొడవుండాలి. పళ్లెంలో మైసూరుపాకు కోసినట్టా అని ఆమె అడిగింది. సరిగ్గా అలాగే అన్నాడాయన. మరి అంచు ముక్కలేం చేస్తారంది. పారేస్తారని చెప్పాడాయన.

తర్వాత కొలత సంగతి. పొడవు నాలుగైతే వెడల్పు మూడు ఎందుకు? టీవీ పెట్టె ఆ కొలతలో ఉంటుంది కాబట్టి అన్నాడు. టీవీకి ఆ కొలత ఎక్కడిది? పాత సినిమా నుంచి వచ్చిందన్నాడు. ఆమె నావైపు తిరిగింది. ఇరవై నాలుగుకు పద్దెనిమిది, నేను గోడ మీద పెన్సిలుతో వేసిన లెక్క, ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగింది. "సూసినావా సుగుణా, ఎవులూ కొత్త గది కట్టనేదు. ఉన్న గదిలోకే దిగినారు" అంది. ఆ మాట నేను బెంగాలీలో చెబితే బిమల్ బాబు తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ రోజు ఆమె దారిని పాదంతో తడుముకోవడానికి కారణం నీటికాసులని తర్వాత తెలిసింది. చూపు అంచుల నుంచి కమ్ముకుంటూ వచ్చే జబ్బు. కలకత్తాలో చూపించాం, చుక్కల మందు వేశాం. ఆలస్యమైందన్నారు. రెండేళ్లపాటు ఆమెకు మధ్యలో చిన్న గుండ్రం మాత్రం మిగిలింది. ఆ గుండ్రంలోనే కొన్నాళ్లు ఫొటోలు తీసింది. ఆ తర్వాత అదీ పోయింది. స్టూడియో మూసేసింది. ఆమె మేనకోడలు వచ్చి దగ్గరుండి చూసుకునేది.

నేను శనివారం మధ్యాహ్నాలు వెళ్లేదాన్ని. కిటికీ పక్క మంచం మీద కూర్చుని, బయట ఏముందో చెప్పమనేది. మొదట్లో నాకు చేతకాలేదు. వాతావరణం బాగుంది, వీధి కళకళలాడుతోంది, ఇలా చెప్పేదాన్ని. ఆమెకు విసుగొచ్చింది. "బాగుంది అనకు. అది నీకు. నాకు కనబడాల" అంది. అప్పటి నుంచి నేర్చుకున్నాను. ఎంతమంది, ఏ వైపు నుంచి, నీడ ఎటు పడుతోంది, మేక కుంటుతోందా లేదా. తప్పుగా చెబితే ఆమెకు తెలిసిపోయేది, ఎలాగో నాకిప్పటికీ తెలియదు.

ఆఖరిసారి వెళ్లినప్పుడు ఆమె పడుకునే ఉంది. మాట బాగా సన్నబడింది. వర్షాలు వెనకబడ్డ రోజులు. ఎదురు వాకిట్లో తాడు మీద ఎవరో ఎర్రచీర ఆరేశారని చెప్పాను.

"ఏ ఎరుపు?" అంది.

కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. అంతవరకు నేను నిజంగా చూడలేదని అర్థమైంది. ఇటుక పొడి ఎరుపు అన్నాను. పైభాగం ఆరి వెలిసినట్టుందని, కింది అంచు ఇంకా తడిగా, ముదురుగా ఉందని, ఆ ముదురు రంగు నెమ్మదిగా కిందికి దిగుతోందని, అంచు కొసన ఒక్క నీటిచుక్క వేలాడుతోందని చెప్పాను. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పింది.

"ఆఁ. కనబడినాది" అంది.

ఆ తర్వాతి బుధవారం పోయింది. సమాధి దగ్గర చాలామంది మాట్లాడారు. అందరూ మంచి మనిషి అన్నారు. నేనూ ఈ నాలుగు పేజీలు రాయడానికి కూర్చున్నప్పుడు మొట్టమొదట ఆ మాటే రాశాను. కలం ఆగిపోయింది. ఏ మంచి, అని ఆమె అడుగుతోంది. ఆ వాక్యం కొట్టేసి, చూసిందంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.